హాస్టల్లో విద్యార్థి చెయ్యి కోసుకున్నట్టు కనిపిస్తే మొదటి గంటలో ఏం చేయాలి?

ప్రశ్న: ఈసీఈ మెంటర్, ఘట్‌కేసర్ వైపు ఇంజనీరింగ్ కాలేజీ

అందరికీ నమస్కారం. మెంటర్లకూ హాస్టల్ వార్డెన్లకూ కలిపి రెండు పేజీల సూచనలు తయారు చేస్తున్నాం. విద్యార్థి తనను తాను గాయపరచుకున్నట్టు కనిపిస్తే ఎవరు ఏం చేయాలన్నది విషయం. ఇప్పుడున్న కాగితంలో మూడే వాక్యాలున్నాయి: "హెచ్ఓడీకి తెలపాలి. తల్లిదండ్రులను పిలిపించాలి. ఇకపై అలా చేయనని విద్యార్థి చేత రాయించుకోవాలి." ఇది చాలదని అందరం ఒప్పుకున్నాం, దీని బదులు ఏం రాయాలో తేలడం లేదు.

నాకు కావాల్సినవి: మొదటి పది నిమిషాల్లో ఏం మాట్లాడాలి? చనిపోవాలన్న ఉద్దేశం ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? ఏ గాయానికి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, వెళ్తే పోలీసు కేసు అవుతుందా? ఇంట్లోవాళ్ళకు ఎప్పుడు, ఎలా చెప్పాలి? కౌన్సిలర్ వారానికి రెండు రోజులే వస్తారు. మిగతా ఐదు రోజుల సంగతేంటి?

జవాబు: క్లినికల్ సైకాలజిస్ట్

మేడమ్, ఆ మూడు వాక్యాల్లో మూడోదాన్ని ముందు కొట్టేయండి. "ఇకపై చేయను" అని రాయించుకున్న కాగితం ఎవరినీ ఆపదు. మళ్ళీ చేసుకున్న రోజు మాట తప్పానన్న సిగ్గు తోడై ఆ విద్యార్థి మీ దగ్గరికి రావడం మానేస్తుంది. ఆ కాగితం వల్ల జరిగేది అంతే.

ఇది ఎందుకు జరుగుతుందో మెంటర్ల కోసం ఒక పేరా తప్పకుండా పెట్టండి. లేకపోతే "అటెన్షన్ కోసం చేస్తున్నారు" అన్న మాట దగ్గరే అందరూ ఆగిపోతారు. భరించలేని కోపమో, అవమానమో, లేదా ఏమీ అనిపించని మొద్దుబారినతనమో కమ్ముకుంటుంది. గాయపరచుకున్నాక కాసేపు అది సద్దుమణుగుతుంది. ఆ ఊరట కాసేపే ఉంటుంది, కానీ నిజమైనదే. అలవాటు అక్కడే పడుతుంది. తర్వాత సిగ్గేసి దాచుకుంటారు. దాచుకున్నకొద్దీ ఒంటరివాళ్ళవుతారు, ఒంటరిగా ఉన్నప్పుడు మళ్ళీ అదే కమ్ముకుంటుంది. అటెన్షన్ కోసమే అయితే మే నెల ఎండలో ఫుల్ హ్యాండ్స్ వేసుకుని తిరగాల్సిన అవసరమేముంది? ఎక్కువమందిలో ఇది మొదలయ్యేది 12-14 ఏళ్ళ వయసులో. కాబట్టి ఫస్టియర్‌లో మీ కంటపడింది ఇంటర్ హాస్టల్ నుంచో, అంతకు ముందు నుంచో వెంట వస్తున్నది కావచ్చు. మిడ్ మార్కులు, బ్యాక్‌లాగ్‌లు, డిటైన్ భయం, విడిపోయిన స్నేహం లాంటివి ఆ రోజుకి నిప్పు రాజేసేవి మాత్రమే.

చనిపోవాలన్న ఉద్దేశం లేకుండా గాయపరచుకోవడాన్ని 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక రుగ్మతలను వర్గీకరించే అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకం) ఇంకా పరిశోధించాల్సిన స్థితిగా విడిగా పేర్కొంది. ఇదీ ఆత్మహత్యాయత్నమూ ఒకటి కావు. అయితే ఇది ఉన్నవారిలో ముందుముందు ఆత్మహత్యాయత్నం ప్రమాదం పెరుగుతుంది. అందుకే చిన్న విషయమని వదిలేయొద్దు, ఏదో అయిపోతోందని హాస్టల్ మొత్తాన్నీ లేపొద్దు. అడిగి తెలుసుకోండి.

మొదటి పది నిమిషాలు: ఒక్కరే వెళ్ళండి. తలుపు దగ్గరగా వేయండి, గడియ పెట్టొద్దు. గాయం చూపించమని పట్టుబట్టకండి. "ఇప్పుడు రక్తం వస్తోందా, కట్టు కట్టాలా?" అని మాత్రం అడగండి. ఆ తర్వాత, "చాలా కష్టంగా ఉన్నట్టుంది. నేను కోప్పడటానికి రాలేదు. ఎప్పటి నుంచి ఇలా ఉంటోంది?" అనండి. తర్వాత మీరు ఆగిపోవాలి. రెండు నిమిషాలు మౌనంగా గడిచినా ఫర్వాలేదు, ఆ ఖాళీని సలహాలతో నింపకండి.

"ఎందుకు చేశావ్?" అనొద్దు. ఆ సమయంలో దానికి జవాబుండదు, నేరం ఒప్పుకోమన్నట్టు వినిపిస్తుంది. "అమ్మానాన్న ఎంత కష్టపడి చదివిస్తున్నారో తెలుసా?" అన్నది అంతకంటే చెడ్డది. మనవాళ్ళ నోటికి ముందు వచ్చేది ఇదే. ఇంటికి తానొక భారమని ఇప్పటికే కుమిలిపోతున్న మనిషికి ఆ భారాన్ని లెక్కగట్టి చూపించినట్టవుతుంది.

ఇక ఉద్దేశం గురించి. సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్న భయం అక్కర్లేదు, దాని మీద పరిశోధనలు జరిగాయి, అలా జరగదు. "ఏమైనా చేసుకోవాలని..." అని నాన్చితే జవాబు కూడా నాన్చుతూనే వస్తుంది. అవునంటే ఇంకో మూడు ప్రశ్నలు: ఎలా అన్నది ఆలోచించావా? అందుకు కావాల్సింది దగ్గరుందా? ఎప్పుడని అనుకుంటున్నావ్? వీటిలో దేనికైనా అవునన్నా, ఇంతకుముందు ప్రయత్నించి ఉన్నా, మనిషిని ఒక్క నిమిషం ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఆలోచన ఉంది, అంతకుమించి ఏమీ లేదంటే ఆ రోజే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయించి, మర్నాటికల్లా కౌన్సిలర్‌తోనో డాక్టర్‌తోనో మాట్లాడించండి. అలాంటి ఆలోచనే లేదంటే ఆ వారంలో కౌన్సిలర్ దగ్గర కూర్చోబెట్టండి.

మార్కుల షీటు పెట్టి "స్కోరు ఇంత దాటితే హై రిస్క్" అని రాయకండి. అలాంటి స్కేళ్ళతో తర్వాత ఏం జరుగుతుందో ఊహించొద్దని, వాటిని బట్టి ఎవరికి చికిత్స అందాలో నిర్ణయించొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. తక్కువ స్కోరొచ్చిన పిల్లల్ని అందరూ మర్చిపోతారు, ప్రమాదమంతా అక్కడే.

రాయించుకోవాల్సింది సేఫ్టీ ప్లాన్. స్టాన్లీ, బ్రౌన్ అనే ఇద్దరు రూపొందించిన పద్ధతి ఇది, ఆరు మెట్లు ఉంటాయి: ముందస్తు గుర్తులు, ఒంటరిగా చేయగలిగే పనులు, మనసు మళ్ళించే మనుషులూ చోట్లూ, సాయం అడగదగినవాళ్ళు, డాక్టరూ హెల్ప్‌లైనూ, చుట్టూ ఉన్నదాన్ని సురక్షితంగా చేసుకోవడం. అరగంట పని. వాక్యాలన్నీ విద్యార్థివే అయి ఉండాలి, ఫోన్లో ఫొటోగా ఉండాలి. "ఒత్తిడిగా అనిపించినప్పుడు" అని రాస్తే ఎందుకూ కొరగాదు. "రాత్రి మెస్‌కి వెళ్ళాలనిపించక, ఫోన్ సైలెంట్‌లో పెట్టి దుప్పటి ముసుగేసుకున్నానంటే మొదలైనట్టే" అని రాస్తే పనికొస్తుంది. "ఫ్రెండ్‌తో మాట్లాడతా" కాదు, ఏ ఫ్రెండ్, ఏ నంబరు, రాత్రి రెండింటికి ఎత్తుతారా అన్నది రాయాలి.

రెండో మెట్టులో ఏం రాయాలో తెలియక అందరూ "మ్యూజిక్ వింటా" అని వదిలేస్తారు. ఉద్వేగం తారస్థాయిలో ఉన్నప్పుడు పాటలు ఆపలేవు, అప్పుడు శరీరం వైపు నుంచి వెళ్ళాలి. మార్షా లైనహన్ రూపొందించిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే మాట్లాడే చికిత్సలో ఇందుకు పద్ధతులున్నాయి. బకెట్లోనో సింకులోనో చల్లటి నీళ్ళు పట్టి, ఊపిరి బిగబట్టి 30 సెకన్ల దాకా ముఖం ముంచాలి. లేదా తడి గుడ్డలో చుట్టిన చల్లటి నీళ్ళ ప్యాకెట్‌ను కళ్ళ మీద, బుగ్గల మీద ఆనించాలి. గుండె వేగం తగ్గుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, తిండి మానేసే సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా చేయకూడదు. ఇంకొకటి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలడం, ఐదు నిమిషాలు. లేదా హాస్టల్ మెట్లు ఇద్దరు కలిసి గబగబా ఎక్కి దిగడం. కోరిక అలలా లేచి పడుతుంది, తరచుగా అరగంటలోపే దాని ఉధృతి తగ్గుతుంది. ఆ అరగంట దాటించడమే లక్ష్యం. చేతికి రబ్బరు బ్యాండు వేసుకుని లాగి వదలమని చాలామంది చెబుతారు. నేను చెప్పను. బాధ కలిగితే నొప్పితో తీర్చుకోవడమన్న అలవాటునే అది కొనసాగిస్తుంది.

జవాబు: క్యాజువాల్టీ నర్సు

గాయాల సంగతి నేను చెబుతా. శుభ్రమైన గుడ్డతో గానీ గాజ్ బ్యాండేజీ గుడ్డతో గానీ 10 నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. మధ్యలో ఎత్తి చూడొద్దు, ఎత్తిన ప్రతిసారీ గడ్డకట్టింది ఊడి మళ్ళీ మొదటికొస్తుంది. రక్తం ఆగాక కుళాయి నీళ్ళ ధార కింద కడిగి పొడి గాజ్ గుడ్డ పెట్టండి. పసుపు, కాఫీపొడి, పౌడర్ పెట్టొద్దు. మేం కుట్టేముందు అదంతా గీకి తీయాలి, ఆ నొప్పి పిల్లలకే. కాలిన గాయమైతే 20 నిమిషాలు మామూలు కుళాయి నీళ్ళు, టూత్‌పేస్ట్ కాదు.

పది నిమిషాలు అదిమినా ఆగకపోయినా, అంచులు విడిపోయి లోపలి కొవ్వు కనిపిస్తున్నా, వేళ్ళు కదలకపోయినా, తిమ్మిరిగా ఉన్నా వెంటనే ఆస్పత్రికి రండి. కుట్లు పడాల్సిన గాయానికి గంటలు గడిచేకొద్దీ ఇన్ఫెక్షన్ ప్రమాదం పెరుగుతుంది. పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. ధనుర్వాతం ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో అడగండి: శుభ్రమైన చిన్న గాయానికి 10 ఏళ్ళు, లోతైన లేదా మురికి గాయానికి 5 ఏళ్ళు దాటితే మళ్ళీ వేయించాలి. ఏదైనా మింగారని తెలిస్తే మాత్రం, మనిషి నవ్వుతూ మాట్లాడుతున్నా సరే, 108. వాంతి చేయించొద్దు. ఖాళీ స్ట్రిప్పో సీసానో వెంట తీసుకురండి.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టర్ ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు అన్న నమోదు) రాయవచ్చు. అది రికార్డు, విద్యార్థి మీద కేసు పెట్టడం కాదు. ఆ మాట దారిలోనే చెప్పండి, లేకపోతే భయపడి "జారి పడ్డా" అని అబద్ధం చెబుతారు, మేం అసలు సమస్య అడగకుండానే పంపేస్తాం.

జవాబు: గర్ల్స్ హాస్టల్ వార్డెన్

మేడమ్, హాస్టల్ దిక్కు నుంచి నాలుగు ముచ్చట్లు. ఫస్ట్ ఎయిడ్ డబ్బ వార్డెన్ రూముల పెట్టి, తీసినోళ్ళు రిజిస్టర్ల సంతకం పెట్టాలె అంటరు చూడున్రి, గా పద్ధతి తీసేయున్రి. సంతకానికి భయపడి పిల్లలు గాయానికి పాత చున్నీ కట్టుకొని పండుకుంటరు, తెల్లారేవరకు చీము పడ్తది. ఫ్లోరుకు ఒక డబ్బ పెట్టున్రి, రిజిస్టర్ లేకుండ: స్టెరైల్ గాజ్ గుడ్డ ప్యాడ్‌లు పది, రోలర్ బ్యాండేజీలు నాలుగు, సెలైన్ సీసా ఒకటి, మైక్రోపోర్ టేపు, గ్లోవ్స్ ఐదు జతలు. వారానికి ఒకపారి నింపితె సాలు. గాజ్ గుడ్డ జల్ది అయిపోతున్నదంటే ఆ ఫ్లోరు మీద జర ఎక్కువ మనసు పెట్టాలె. ఎవరని మాత్రం ఎంక్వైరీ పెట్టొద్దు.

రూములు సోదా చేసి వస్తువులు గుంజుకునుడు గూడ వద్దు. గుంజుకుంటె ఇంకోటి దొర్కుతది, పిల్ల మనకు దూరమైతది. "నా దగ్గర దాచిపెట్టనా, నీకు మంచిగయినంక అడుగు" అనున్రి, చానమంది ఆల్లే తెచ్చిస్తరు. కని చచ్చిపోవాలని ఉన్నదని చెప్పిన పిల్ల సంగతి వేరు. అప్పుడు రూములున్న మందులన్ని తీసి మన దగ్గర పెట్టుకోవాలె, పక్కన మనిషి ఉండాలె, డాక్టర్ చూసేదాంక. ఎందుకు తీస్తున్నమో మొకం మీదనే చెప్పి తీయాలె.

ఇంకోటి, వాట్సాప్ గ్రూపుల ఒక్క అక్షరం గూడ పడొద్దు. ఒక రూముల జరిగింది పక్క రూములకు అంటుకునుడు హాస్టల్లల్ల ఉన్నదే. అందర్ని మెస్‌ల కూసోబెట్టి ఎవరు ఎట్ల చేస్కున్నరో చెప్పేటి మీటింగ్ అస్సలే వద్దు. రూమ్మేట్లతోని ఒక్కొక్కల్లతోని మాట్లాడున్రి. రాత్రంత మేలుకొని కావలి కాసేది ఆల్లు, ఆల్లకు గూడ పరీక్షలున్నయి. "కావలి నీ పని కాదు, నాకు ఫోన్ చేయి" అని నంబర్ ఇయ్యున్రి, అర్ధరాత్రి చేసినా ఎత్తున్రి.

జవాబు: హైకోర్టు న్యాయవాది

చట్టం గురించి క్లుప్తంగా. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో లేదు. చనిపోయే ఉద్దేశం లేకుండా చేసుకున్న గాయం ఎన్నడూ నేరం కాదు. 23వ సెక్షన్ చికిత్స వివరాల గోప్యతకు హక్కు ఇస్తుంది, ప్రాణాపాయం తప్పించడం లాంటి కొన్ని సందర్భాల్లో, అవసరమైనంత వరకే మినహాయింపు. కాబట్టి హెచ్ఓడీకి "ఆరోగ్య కారణాల వల్ల సహాయం అందిస్తున్నాం" అన్నది చాలు, మిగతాది ఫైల్లో ఉండాల్సిన పని లేదు.

మీ యాజమాన్యానికి చూపించాల్సింది ఇంకొకటుంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ మరణించిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సిలర్ గానీ సైకాలజిస్ట్ గానీ సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరుండాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. టెలి మానస్ నంబరు హాస్టళ్ళలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి. వారానికి రెండు రోజుల కౌన్సిలర్ చాలరని అడగడానికి ఇదే ఆధారం.

జవాబు: సైకియాట్రిస్ట్

మిగతా ఐదు రోజుల ప్రశ్నకు: టెలి మానస్ 14416. 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ సేవ, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సిలర్ మాట్లాడతారు, అవసరాన్ని బట్టి డాక్టర్‌కి కలుపుతారు. మెంటర్ కూడా చేసి "ఇలాంటి విద్యార్థి ఉంది, ఏం చేయాలి" అని అడగవచ్చు. మీ పక్కనే కూర్చోబెట్టుకుని మొదటి ఫోన్ చేయించండి. ఒంటరిగా చేయమని నంబరిచ్చి పంపితే చాలామంది చేయరు.

ఘట్‌కేసర్ వైపు నుంచి బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర. సిటీ వైపైతే గాంధీ, ఉస్మానియా, నిమ్స్, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం. ఎర్రగడ్డ పేరెత్తగానే ఇంట్లోవాళ్ళు ఉలిక్కిపడతారు, మనూళ్ళో ఆ పేరును తిట్టుగా వాడతారు కదా. చాలామంది పొద్దున ఓపీ చీటీ తీసుకుని, డాక్టర్‌తో మాట్లాడి, మందులు పట్టుకుని మధ్యాహ్నానికి ఇంటికి వెళ్ళిపోతారని చెప్పండి. మెట్రో దిగితే దగ్గరే. ప్రైవేటు క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్తే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. "కౌన్సిలర్" అన్న బోర్డు ఎవరైనా పెట్టేస్తున్నారు.

గాయపరచుకోవడాన్ని ఆపే మాత్రంటూ ప్రత్యేకంగా లేదు. అసలు పని చేసేది మాట్లాడే చికిత్సే. పూర్తి డీబీటీ అంటే సుమారు ఏడాది, వారానికో వ్యక్తిగత సెషన్, వారానికో గ్రూప్ క్లాసు. డిప్రెషనో ఆందోళనో తోడుంటే మందులు రాస్తాం. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. "పది రోజులైంది, ఏమీ లేదు" అని మధ్యలో ఆపేయడమే ఎక్కువగా జరిగే తప్పు. 25 ఏళ్ళలోపు వాళ్ళకు మొదటి వారాల్లో చిరాకు, నిద్రలేమి, చావు ఆలోచనలు పెరుగుతున్నాయేమో దగ్గరుండి గమనించాలి. హాస్టల్లో ఉంటారని డాక్టర్‌కి చెప్పి వారానికి సరిపడా మందులే తీసుకోండి, నెల మందులు ఒక్కసారి వద్దు.

హాజరు భయం చికిత్సకు పెద్ద అడ్డంకి. జేఎన్‌టీయూ నిబంధనల్లో 75 శాతం కావాలి, 65 దాటితే ఆరోగ్య కారణాల మీద కండొనేషన్ (తగ్గిన హాజరుకు మినహాయింపు) అడగొచ్చు. వెళ్ళిన రోజే సర్టిఫికెట్ తీసుకోండి. జబ్బు పేరు లేకుండా "చికిత్సలో ఉన్నారు" అని రాయమని అడగవచ్చు.

ఈసీఈ మెంటర్

అందరికీ కృతజ్ఞతలు. కాగితం రాసుకుంటుంటే రెండు చోట్ల ఆగిపోయాను. విద్యార్థి "ఎవరికీ చెప్పనని ఒట్టేయండి మేడమ్" అంటే? ఇంట్లో చెప్పాల్సి వచ్చినప్పుడు మొదటి వాక్యం ఎలా ఉండాలి?

క్లినికల్ సైకాలజిస్ట్

ఒట్టు వేయొద్దు. "అందరికీ చెప్పను. నీ ప్రాణానికి ముప్పుందనిపిస్తే మాత్రం ఒకరికి చెబుతా, ఎవరికి చెబుతున్నానో ముందు నీకే చెబుతా." ఈ మాట మొదటి పది నిమిషాల్లోనే, వాళ్ళు అంతా చెప్పేయకముందే అనాలి. చెప్పాక అంటే మోసం చేసినట్టుంటుంది.

పద్దెనిమిది నిండనివారైతే తల్లిదండ్రులు లేకుండా చికిత్స ముందుకు సాగదు. నిండినవారైతే, ప్రాణాపాయం లేనంతవరకు, ఎప్పుడు చెప్పాలన్నది విద్యార్థితో కలిసి నిర్ణయించండి. ఇంట్లోనే కొట్టడం, వేధించడం ఉందేమో ముందు అడగండి. ఉంటే ఎవరికి చెప్పాలన్నది మారుతుంది, మేనమామో అక్కో కావచ్చు. ఫోన్ విద్యార్థి ఎదుటే చేయండి, ఏం చెప్పాలో ఇద్దరూ రాసుకున్నాక. గాయం ఫొటో పంపొద్దు.

"అమ్మా, మీ అమ్మాయి నా పక్కనే ఉంది, బాగానే ఉంది. కొన్నాళ్ళుగా మనసు బాగోక చెయ్యి గాయపరచుకుంటోంది. డాక్టర్‌ని కలవడానికి ఒప్పుకుంది, శుక్రవారం వెళ్తున్నాం, మీరూ వస్తే బాగుంటుంది." పక్కనే ఉంది, బాగానే ఉంది అన్నవి ముందు రావాలి. అవి వినేదాకా ఆ తల్లి చెవికి ఇంకేదీ ఎక్కదు. వచ్చాక వాళ్ళు చేసే మొదటి పని పిల్ల చెయ్యి తమ నెత్తిన పెట్టుకుని "నా మీద ఒట్టు, ఇంకోసారి చేయనని చెప్పు" అనడం. ప్రేమతోనే అంటారు. మళ్ళీ చేసుకున్న రోజున అమ్మకేమైనా అవుతుందేమోనన్న భయం కూడా ఆ పిల్ల మోయాలి, ఇక నోరు విప్పదు. ఆ ఒట్టు బదులు "అలా అనిపించినప్పుడు అర్ధరాత్రైనా నాకు ఫోన్ చేయి, తిట్టను" అనమని వాళ్ళను లోపలికి పంపేముందే చెప్పండి.

"ఇంటికి తీసుకెళ్ళిపోండి, తగ్గాక పంపండి" అన్న వాక్యం కాగితంలో ఎక్కడా ఉండకూడదు. చెబితే పంపించేస్తారని హాస్టల్లో ఒక్కరికి తెలిసినా రేపటి నుంచి ఎవరూ చెప్పరు. సెలవు కావాలని విద్యార్థే అడిగినా, డాక్టర్ చెప్పినా ఇవ్వండి, తిరిగొచ్చే తేదీ, అదే గది, అదే బెడ్ రాసి చేతికిచ్చి పంపండి.